పాత ఇంట్లో అనుమతి లేని వైరింగు బయటపడితే: గోడలు మూసేలోపు చేయవలసిన పనులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కాకినాడలో 1980లలో కట్టిన ఇంటిని కొన్నారు. కింద మూడు గదులు అప్పటివే, పైన రెండు గదులు తరువాతి కాలంలో పాత యజమాని వేయించుకున్నవి. మరమ్మతు కోసం గోడల పూత కొట్టించి, ఫాల్స్ సీలింగు విప్పించేసరికి టేపు చుట్టిన జాయింట్లూ, ఎక్కడికి పోతున్నాయో తెలియని తీగలూ, మధ్యలో ఒకచోట అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టి కలిపిన అతుకూ బయటపడ్డాయి. పై గదుల వైరింగు ఎవరు చేశారో తెలియదు, దానికి సంబంధించిన కాగితం ఒక్కటీ లేదు. బిల్లు మీద లోడు 2 కిలోవాట్లు అని ఉంటే ఇంట్లో మూడు ఏసీలు, రెండు గీజర్లు ఉన్నాయి. మీ ఎలక్ట్రీషియను "ఇన్నేళ్ళు నడిచింది, కదిలించకండి" అంటున్నాడు. మేస్త్రీ పూత పూసేస్తానని తొందరపెడుతున్నాడు. డల్లాస్‌లో ఉన్న మీ బావగారు పర్మిట్ లేని పనిని మొత్తం పీకించమంటున్నారు. విద్యుత్తు శాఖకు చెబితే జరిమానా వేస్తారేమోనని మీకు భయంగా ఉంది.

నేను గోదావరి జిల్లాల్లో ఇళ్ళ వైరింగు పనులు చేసే లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును. మీలాంటి ఇళ్ళు ఏటా చూస్తుంటాను. సూటిగా చెప్పాలంటే: పూత ఆపించండి. గోడలో దాగి ఉండి, ఒక కొస నుంచి రెండో కొస దాకా ఏ దారిన పోతోందో చూపించలేని తీగను ఒక్కటి కూడా తిరిగి వాడకండి. పైపులో ఉండి, దారి తెలిసి, పరీక్షలో నిలబడినదాన్ని మాత్రం ఉంచుకోవచ్చు. లోడు సంగతి శాఖ నోటీసు రాకముందే మీరే వెళ్ళి సరిచేయించుకోండి. మీ వర్ణనను బట్టి పై గదుల వైరింగు మొత్తం, కింద వంటగది, స్నానాల గదుల లైన్లు కొత్తగా వేయవలసి వస్తుందని నా అంచనా. కింద హాలు, పడకగదుల లైట్ల లైన్లు పైపుల్లోనే ఉంటే, ఆ పైపులు మిగిలి తీగలు మాత్రమే మారవచ్చు.

ముందుగా మీ బావగారి మాట. అమెరికాలో ఆయన చెప్పింది నిజమే. అక్కడ నగరం లేదా కౌంటీ వారి పర్మిట్ ఉండాలి, గోడ మూయకముందే ఇన్‌స్పెక్టరు వచ్చి తీగలు చూసి సరే అనాలి. మన దగ్గర మామూలు ఇంటి కనెక్షనుకు గోడలు మూసే ముందు వచ్చి చూసే అధికారి అంటూ ఎవరూ ఉండరు. దాని బదులు మన నిబంధనలు బాధ్యతను పనిచేసేవారి మీద పెట్టాయి. కేంద్ర విద్యుత్తు ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం కొత్త వైరింగు గానీ, ఉన్నదానికి చేర్పులు, మార్పులు గానీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో జరగాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి మార్చుకోవడానికి మినహాయింపు ఉంది గానీ, రెండు గదులకు కొత్తగా లైను లాగడం ఆ మినహాయింపులోకి రాదు. కాబట్టి మీ పై గదుల పని నిబంధనల ప్రకారం అనుమతి లేనిదే. అయితే అనుమతి లేదన్న ఒక్క కారణంతో అది ప్రమాదకరమని తేల్చలేము, ఇన్నేళ్ళు నడిచిందన్న కారణంతో క్షేమమనీ తేల్చలేము. లైసెన్సు లేని ఎలక్ట్రీషియను చక్కగా చేసిన పనులు చూశాను. లైసెన్సు కాగితం కుట్టిన ఫైలు ఉండి, లోపల చెత్తగా ఉన్న ఇళ్ళూ చూశాను. తేల్చేది పరీక్ష.

"ఇన్నేళ్ళు నడిచింది" అనే మాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. 1980లలో మధ్యతరగతి ఇంట్లో ఉండే కరెంటు సామాను నాలుగు ట్యూబులైట్లు, మూడు ఫ్యానులు, ఒక ఇస్త్రీ పెట్టె, ఉంటే ఒక ఫ్రిజ్. ఆ లెక్కకు 3/22 తీగ లాగేవారు. అంటే 22 గేజి పోగులు మూడు, మొత్తం సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఆ పనికి అది సరిపోయింది. ఇప్పుడు అదే తీగ చివర 2 కిలోవాట్ల గీజరు పెడితే దాదాపు 9 ఆంపియర్లు ఎడతెగకుండా లాగుతుంది. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అన్నేళ్ళూ నడిచిన తీగ, మీరు ఇప్పుడు పెట్టబోయే బరువు మీద నడిచింది కాదు. అదీగాక కాకినాడ సముద్రపు గాలికి బోర్డుల్లోని మరలు, ఇత్తడి పట్టీలు పచ్చగా చిలుము పట్టి, బిగింపు వదులై ఉంటాయి. మీరే ఒక పాత బోర్డు విప్పి చూడండి. కరెంటు తెచ్చే ఫేజు మర దగ్గర తీగ పైతొడుగు గోధుమరంగుకు తిరిగి, గోటితో నొక్కితే పెళుసుగా రాలిపోతుంటే అక్కడ ఎన్నాళ్ళుగానో వేడి పుడుతున్నట్టు.

ఇక ఏమేమి వెతకాలో చెబుతాను. అన్నీ సమానమైనవి కావు, కొన్నిటి దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

అల్యూమినియం, రాగి అతుకులు. మీరు చూసింది ఇదే. ఆ రోజుల్లో రాగి దొరకక, ధర ఎక్కువై చాలా ఇళ్ళలో అల్యూమినియం తీగ వేశారు. పై గదులు వేసినప్పుడు దానికే రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టారు. అల్యూమినియం మీద గాలి తగలగానే ఏర్పడే పొర కరెంటును సరిగా పోనివ్వదు. వేడెక్కి చల్లారినప్పుడల్లా ఆ మెత్తని లోహం నలిగి బిగింపు వదులవుతుంది. తేమ చేరితే రెండు లోహాల మధ్య తుప్పు పుడుతుంది. ఇలాంటి అతుకు ఒకటి కనబడిందంటే మరికొన్ని కనబడకుండా ఉన్నాయనే అనుకోండి. గోడలోని అల్యూమినియం లైను దేన్నీ ఉంచవద్దు, ఇందులో బేరం లేదు.

న్యూట్రల్ దొంగదారులు. పాత ఇంటికి తరువాత చేర్చిన గదుల్లో నాకు తరచుగా కనిపించే లోపం ఇది, ఎవరికీ తొందరగా అంతుపట్టనిది కూడా. ఒకచోట ఫేజు, మరోచోట న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) తీసుకుని పాయింటు ఇచ్చేస్తారు. దీపం వెలుగుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఒక ఇంట్లో కింద, పైన వేర్వేరు మీటర్లు. మెట్ల దగ్గరి టూవే దీపానికి ఫేజు కింది మీటరు నుంచి, న్యూట్రల్ పై మీటరు నుంచి వచ్చింది. మెట్ల దీపం వేసినప్పుడల్లా రెండు మీటర్లలోనూ ఫేజు, న్యూట్రల్ కరెంట్లు సమానం కాకుండా పోయేవి. ఇప్పటి మీటర్లు ఆ తేడాను కనిపెట్టి హెచ్చరిక దీపం వెలిగిస్తాయి, రెండింటిలో ఎక్కువ ఉన్న కరెంటునే లెక్కలోకి తీసుకుంటాయి. దానివల్ల బిల్లు పెరుగుతుంది, పైగా రీడింగు తీసేవారికి దొంగతనమన్న అనుమానం వస్తుంది. ఆ ఇంటివారు పాపం అప్పటికి మీటరు చెడిపోయిందని మూడుసార్లు ఫిర్యాదు ఇచ్చి ఉన్నారు. ఇన్వర్టరు లైనుకు విడి న్యూట్రల్ లాగకుండా ఇంటి న్యూట్రల్‌లోనే కలిపేయడం ఈ కోవకు చెందినదే.

ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలపడం. ఎర్తింగు లేని పాత ఇంట్లో మూడు పిన్నుల సాకెట్టు పెట్టమన్నప్పుడు, సాకెట్టు వెనక అంగుళం తీగ ముక్కతో న్యూట్రల్‌ను ఎర్త్ రంధ్రానికి కలిపేస్తారు. టెస్టరు పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ మెయిన్ వైపు న్యూట్రల్ ఎక్కడైనా ఊడిన క్షణం నుంచి, ఆన్‌లో ఉన్న బల్బు గుండానో ఫ్యాను గుండానో ఫేజు వచ్చి ఆ ఫ్రిజ్ ఒంటి మీద కూర్చుంటుంది. ఆ సమయంలో ఇంట్లో కరెంటు పోయినట్టే కనబడుతుంది కాబట్టి ఎవరూ జాగ్రత్తపడరు. మీ ఇంట్లో ప్రతి మూడు పిన్నుల సాకెట్టునూ విప్పించి వెనక వైపు చూడండి.

న్యూట్రల్ మీద ఫ్యూజు. పాత మెయిన్ బోర్డుల్లో ఫేజుకొక కట్‌అవుట్, న్యూట్రల్‌కొక కట్‌అవుట్ పక్కపక్కన ఉండేవి. న్యూట్రల్‌ది కాలిపోతే దీపాలన్నీ ఆరిపోతాయి గానీ తీగల్లో ఫేజు అలాగే ఉంటుంది. వాటిని తీసేసి రెండింటినీ ఒకేసారి తెంచే డబుల్ పోల్ మెయిన్ పెట్టాలి.

తీగకు మించిన ఎంసీబీ. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తానే పడిపోయి లైను తెంచే స్విచ్చి. అది ఉన్నది ఉపకరణాన్ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది గోడలోని తీగను. 16 ఆంపియర్లది పడిపోతోందని 32ది పెట్టేస్తే, ఇక పడనిది ఎంసీబీయే, కాలేది తీగ. రాగి తీగలకు నేను పాటించే లెక్క: 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 10 ఆంపియర్లు, 2.5కు 16, 4కు 20 లేదా 25, 6కు 32. పైపులో తీగలు కిక్కిరిసి ఉంటే ఇంకా తగ్గించాలి.

ఇప్పుడు పరీక్షల సంగతి. మొదటిది మెగ్గర్ పరీక్ష. 500 వోల్టుల డీసీ పెట్టి ప్రతి లైనుకూ, భూమికీ మధ్య ఇన్సులేషను నిరోధం చూస్తారు; కనీసం 1 మెగా ఓము ఉండాలి. కొత్త తీగకు అంతకంటే ఎన్నో రెట్లు వస్తుంది కాబట్టి, సరిగ్గా ఒకటి రెండు మెగా ఓముల దగ్గర ఊగిసలాడే పాత లైనును నేను పాసైందని రాయను. ఈ పరీక్షకు ముందు ఎల్‌ఈడీ దీపాలు, ఫ్యాను రెగ్యులేటర్లు, ఇన్వర్టరు, ఏసీ అన్నీ విడదీయాలి, లేకపోతే 500 వోల్టులకు వాటిలోని ఎలక్ట్రానిక్స్ దెబ్బతింటాయి. పొడి ఎండలో బాగా వచ్చిన రీడింగు వర్షాకాలంలో పడిపోవచ్చు. మేడ మీద నీళ్ళు ఇంకే ఇల్లయితే వానలు తగ్గిన వెంటనే ఇంకోసారి తీయించడం మంచిది.

మెగ్గర్ చెప్పేది తొడుగు సంగతి మాత్రమే. తీగ సన్నమా, అతుకు బలహీనమా అన్నది దానికి తెలియదు. దానికి ఇంకొక సులువైన పరీక్ష ఉంది. గీజరు సాకెట్టు దగ్గర ఒకరు, మెయిన్ దగ్గర ఒకరు మల్టీమీటర్లతో నిలబడి గీజరు వేయకముందు, వేశాక వోల్టేజి చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 15 మీటర్ల దూరం పోతే, రానూపోనూ కలిపి 9 ఆంపియర్లకు మూడు, మూడున్నర వోల్టులు తగ్గడం సహజం. మెయిన్ దగ్గర 230 ఉండగా సాకెట్టు దగ్గర 218 వచ్చిందనుకోండి, అదనంగా పోయిన ఎనిమిది తొమ్మిది వోల్టులు దారిలో ఎక్కడో ఒక అతుకులోనే పోతున్నాయి. తొమ్మిదిని తొమ్మిదితో గుణిస్తే దాదాపు 80 వాట్లు. గీజరు ఆన్‌లో ఉన్నంతసేపూ గోడలో పెద్ద సోల్డరింగ్ ఐరన్ ఒకటి పాతిపెట్టినట్టు. ఇలాంటి తేడా వచ్చిన లైనులో అతుకు ఎక్కడుందో వెతుకుతూ సమయం వృథా చేయకండి, లైనే మార్చేయండి.

ఎర్తింగు, ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే కనిపెట్టి లైను తెంచే స్విచ్చి) గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే "ఎర్తింగు గొయ్యి తవ్వించాం, ఇంకేం భయం" అనుకునేవారు ఎక్కువ. లెక్క చూడండి. గీజరులో ఫేజు దాని ఒంటికి తగిలింది, ఎర్త్ దారి నిరోధం మొత్తం 5 ఓములే, అంటే మంచి ఎర్తింగే. పారే కరెంటు 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 32 ఆంపియర్ల సి రకం ఎంసీబీ వెంటనే పడిపోవాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 46 ఆంపియర్లకు అది పడటానికి గంట దాకా కూడా పట్టవచ్చు, ఆ సేపంతా గీజరు ఒంటి మీద ప్రాణాంతకమైన వోల్టేజి ఉంటుంది. దారి నిరోధం 20 ఓములైతే పారేది పదకొండున్నర ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఎంసీబీ అసలు కదలదు. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, ఎర్తింగు అంత గొప్పగా లేకపోయినా సెకనులో చిన్న వంతులోనే తెంచేస్తుంది. ఇళ్ళకు ఆ 30 మిల్లీ ఆంపియర్ల హద్దు భద్రతా నిబంధనల్లోనే ఉంది. అందుచేత ఎర్తింగూ కావాలి, ఆర్‌సీసీబీయూ కావాలి, ఒకటి ఉందని రెండోది మానకూడదు. మీ ఊరి ఉప్పు నేలలో ఇనుప పైపు తొందరగా తింటుంది. పాత గొయ్యి ఉన్నా దాని పైభాగం తవ్వి క్లాంపు దగ్గర తీగ ఇంకా అతుక్కుని ఉందో లేదో కళ్ళతో చూడండి. ఒక ఇంట్లో గొయ్యి ఉంది, దాని మీద మూత ఉంది, ఏటా ఉప్పు నీళ్ళు పోస్తున్నారు, క్లాంపు మాత్రం పొడి అయిపోయి తీగ గాలిలో వేలాడుతోంది.

పాత వైరింగు మీద ఆర్‌సీసీబీ పెట్టగానే అది పదేపదే పడిపోతుంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు "పీసు బాగాలేదు" అని తీసేస్తారు. నూటికి తొంభైపాళ్ళు పీసు బాగానే ఉంటుంది, పైన చెప్పిన న్యూట్రల్ దొంగదారినో, ఎర్త్‌కు కలిపిన న్యూట్రల్‌నో అది పట్టిస్తున్నదన్నమాట. న్యూట్రల్ లింకు నుంచి తీగలన్నీ విడదీసి, ఒక్కొక్కటి భూమితోనూ, మిగతా న్యూట్రల్ తీగలతోనూ మెగ్గర్ పెట్టి చూస్తే ఏ లైనో గంటలో తేలుతుంది. ఆ ఓపిక లేక ఆర్‌సీసీబీని బైపాసు చేసే మనిషికి మీ ఇల్లు అప్పగించకండి.

ఇక మీ అసలు భయం, శాఖ. ఇందులో మూడు వేర్వేరు సంగతులను మీరు ఒకటిగా కలిపి భయపడుతున్నారు. మొదటిది, మంజూరైన లోడు కంటే ఎక్కువ వాడటం. మీ మూడు ఏసీలు, రెండు గీజర్లు, మోటారు, ఇస్త్రీ పెట్టె కలిపితే 10 కిలోవాట్లు దాటుతుంది. ఇది దొంగతనం కాదు, మీటరు గుండానే వెళ్తోంది, బిల్లు కడుతున్నారు. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి, అభివృద్ధి చార్జీలు, అదనపు సెక్యూరిటీ డిపాజిటు కడితే తీరుతుంది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చేవారికి డిస్కంలు (విద్యుత్తు పంపిణీ సంస్థలు) అప్పుడప్పుడు అభివృద్ధి చార్జీల్లో రాయితీ ప్రకటిస్తుంటాయి. ఇప్పుడు అలాంటిది నడుస్తోందేమో సెక్షన్ ఆఫీసులో అడగండి. దాచి లాభం లేదు: ఇప్పటి మీటర్లు గరిష్ఠ డిమాండును కూడా నమోదు చేస్తాయి, కాబట్టి వేసవిలో మీ ఏసీలు ఎంత లాగాయో వాళ్ళ దగ్గర ఉన్నట్టే. లోడు ఈ స్థాయికి వచ్చాక మూడు ఫేజుల కనెక్షను తీసుకోవలసి వస్తుంది. దానికి తగ్గట్టు పంపిణీ బోర్డును ఇప్పుడే వేయించుకుంటే గోడ రెండోసారి పగలగొట్టే అవసరం ఉండదు. మేడ మీద సోలారు పెట్టించుకునే ఆలోచన ఉంటే, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద గానీ, విడిగా గానీ, దానికీ లోడు, ఎర్తింగు సరిగా ఉండాలి. కాబట్టి సోలారు తీగ దిగడానికి ఒక ఖాళీ పైపు కూడా ఇప్పుడే వేయించండి.

రెండోది, ఇంటి కనెక్షనును వేరే పనికి వాడటం. ముందు గదిని పాత యజమాని దుకాణానికి అద్దెకిచ్చి, ఇంటి మీటరు మీదే నడిపి ఉంటే 2003 విద్యుత్తు చట్టం 126వ సెక్షను కింద అనధికార వినియోగమవుతుంది. అందులో మామూలు టారిఫుకు రెట్టింపు లెక్కగడతారు. ఎప్పటి నుంచో తేల్చలేకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కిస్తారు. మీ ప్రశ్నలో అలాంటిదేమీ లేదు గానీ, ఇరుగుపొరుగును ఒకసారి అడిగి చూడండి.

మూడోది, మీటరుకు ముందే తీగ తగిలించి ఉండటం. దీనికి 135వ సెక్షను, ఇది దొంగతనం. గోడలు విప్పినప్పుడు సర్వీసు వైరు (స్తంభం నుంచి మీటరుకు వచ్చే తీగ) దారిలో ఎక్కడైనా పక్కకు పోయిన తీగ కనబడితే దాన్ని మీరు తెంచకండి, మీ ఎలక్ట్రీషియను చేత తెంచించకండి, మీటరు సీలు జోలికి అసలు పోకండి. ఫోటో తీసి, అదే రోజు సెక్షన్ ఆఫీసులో లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రమాదకరంగా ఉంటే 1912కు ఫోను చేయండి. ఒక ఇంట్లో బీరువా వెనక ఇలాంటి తీగ దొరికినప్పుడు ఇంటివారు గుట్టుచప్పుడు కాకుండా తీసేయమన్నారు. నేను ఒప్పుకోక ఉత్తరం రాయించాను. దస్తావేజులో కొన్న తేదీ, ఆ తరువాత కొద్దిరోజులకే తామే ముందుగా ఇచ్చిన ఉత్తరం, ఆ రెండూ వారికి అక్కరకు వచ్చాయి.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన చిన్న పని ఇంకొకటి ఉంది. సర్వీసు ఎవరి పేరున ఉందో చూసుకోండి. పాత యజమాని పేరే ఉంటే పేరు మార్పు, బకాయిలు లేవన్న నిర్ధారణ అయ్యాకే లోడు దరఖాస్తు పెట్టండి. పాత యజమాని బకాయిని కొత్తగా కనెక్షను కోరేవారి నుంచి వసూలు చేసే నిబంధనలు చెల్లుతాయని 2023 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పై గదులకు మునిసిపాలిటీ ప్లాను లేకపోతే అది పూర్తిగా వేరే వ్యవహారం. వైరింగు సరిచేసినంత మాత్రాన గది సక్రమం కాదు, గది సక్రమం కాలేదని వైరింగును అలాగే వదిలేయనూ కూడదు.

పని ఎవరికివ్వాలన్నది అడిగారు. మీ ఎలక్ట్రీషియనుకు వైర్‌మన్ పర్మిట్ ఉంటే, పని చేతనైతే ఆయన్ను మార్చనవసరం లేదు. ఆయన పైన లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ఒకరు బాధ్యత తీసుకుని, పరీక్షలు తానే నిలబడి చేయించి, రిపోర్టు మీద సంతకం పెట్టాలి. అదనపు లోడు దరఖాస్తుకు ఎలాగూ ఆ పత్రం కావాలి. ఆ సంతకాన్ని వెయ్యో రెండు వేలో ఇచ్చి ఇంటికి రాకుండానే తెచ్చుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఇన్‌స్పెక్టరు రాని మన పద్ధతిలో ఉన్న ఒకే ఒక్క కాపలా ఆ సంతకం, దాన్ని కొనుక్కుంటే మిగిలేది కాగితమే. కాంట్రాక్టరు వచ్చిన రోజున మెగ్గర్ తెచ్చాడా అని చూడండి. టెస్టరు ఒక్కటే జేబులో ఉంటే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించండి.

పని జరిగే రోజుల్లో జాగ్రత్త ఒకటి. మెయిన్ ఆపాం కదా అని తీగలు పట్టుకోకూడదు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపగానే ఇన్వర్టరే ఆ లైన్లకు కరెంటు పంపుతుంది. ఇన్వర్టరును ఆపి, బ్యాటరీ తీగ విప్పి, ఆపై ప్రతి తీగనూ పరీక్షించాకే చేయి పెట్టాలి. తాపీ కూలీలకు కూడా ఈ సంగతి చెప్పండి, గోడ గాడి కొట్టేది వాళ్ళే.

కొత్త లైన్ల విషయంలో నా పద్ధతి క్లుప్తంగా ఇది. ప్రతి ఏసీకి, ప్రతి గీజరుకు, వంటగది పవర్ సాకెట్లకు విడివిడి లైన్లు, 4 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, వేటి న్యూట్రల్ వాటిదే. గోడలో అతుకు ఉండకూడదు. అతుకు తప్పనిసరైతే మూత తీయగల పెట్టెలోనే. ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. చుట్టలో మిగిలిందని ఎర్త్‌కు ఎర్ర తీగ వేసేవారిని వేయనివ్వకండి. కింది అంతస్తుకు ఒకటి, పై అంతస్తుకు ఒకటి ఆర్‌సీసీబీలు విడిగా పెడితే, పైన ఏదైనా తేడా వచ్చినా కింద ఫ్రిజ్ ఆగదు.

తీగలు లాగి, పరీక్షలు అయ్యాక, పూతకు ముందు ప్రతి గోడనూ టేపు కొలత కనబడేలా ఫోటోలు తీయించండి. రేపు టీవీ తగిలించడానికి డ్రిల్లు పెట్టేటప్పుడు అవే కావాలి. ఏ ఎంసీబీ దేనికో తెలుగులో రాసి బోర్డు తలుపు లోపల అంటించండి. రిపోర్టు, ఫోటోలు, లోడు మంజూరు కాగితం ఇంటి దస్తావేజులతో కలిపి ఉంచండి.

మేస్త్రీని ఎన్నాళ్ళు ఆపాలని కూడా అడిగారు. రెండు అంతస్తుల ఆ ఇంటికి ఇద్దరు మనుషులతో గాడులు, పైపులు, తీగలు, పరీక్షలు కలిపి రెండు వారాలు అనుకోండి. శాఖ వారి లోడు మంజూరు కోసం పూత ఆపనక్కరలేదు, అది సమాంతరంగా నడుస్తుంది, మంజూరయ్యేదాకా మూడు ఏసీలు ఒకేసారి వేయకుండా ఉంటే చాలు. ఈ లోపు మేస్త్రీని ఖాళీగా కూర్చోబెట్టవలసిన పనీ లేదు: మేడ మీద నీళ్ళు ఇంకే చోట్లు, ప్రహరీ, బయటి గోడల పూత ముందుగా కానివ్వమనండి. వాటిలో మీ లైన్లేవీ ఉండవు, ఒక్క గేటు దీపం తీగ తప్ప. దానికి మాత్రం పూతకు ముందే పైపు వేయించండి.